కారుకు వ్యాక్స్: మెరుపు కంటే ముందు పట్టు చూడాలి

సంపాదకుల వారికి,

ఇంట్లోనే కారుకు వ్యాక్స్ పెట్టుకునేవారి కోసం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కార్నౌబా, సింథటిక్ సీలెంట్ (కృత్రిమ రక్షణ పూత), సిరామిక్ అని రకాలను విడదీసి, ఏది ఎంత మెరుస్తుంది, ఏది ఎన్ని నెలలు ఉంటుంది అని పట్టిక వేశారు. అంకెలు చాలావరకు సరైనవే. అయినా ఆ పట్టిక చూసి డబ్బా కొన్నవారిలో చాలామందికి అన్ని నెలలు రావు. ఎందుకు రావో అందులో ఎక్కడా చెప్పలేదు. ఏ రకం పెయింటును ఎలా పట్టుకుంటుందో ముందు తెలియాలి. ఎంత శుభ్రం చేయాలి, ఎంతసేపు ఆరనివ్వాలి, దేని మీద ఏది పూయాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇప్పటి కార్లలో రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనం పూసేది ఏదైనా ఈ పొర మీద కూర్చునేదే, రంగు దాకా వెళ్లదు.

కార్నౌబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే మైనం. సహజమైన మైనాల్లో బాగా గట్టిది. తేనెమైనం 62-64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే ఇది 82-86 డిగ్రీల దాకా నిలుస్తుంది. ఒట్టి కార్నౌబా పెళుసుగా ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా పూయడం కుదరదు. అందుకే డబ్బాలో ద్రావకాలు, నూనెలు, ఇతర మైనాలు కలుపుతారు. మూత మీద ‘100 శాతం కార్నౌబా’ అని ఉన్నా, లోపలిదంతా కార్నౌబా అని అర్థం చేసుకోకూడదు. నూనెలు కలిసిన ఆ మిశ్రమం 82 డిగ్రీల కంటే చాలా ముందే మెత్తబడుతుంది. మండుటెండలో నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు దాటగలదని గుర్తుంచుకుంటే, వేసవిలో ఈ వ్యాక్స్ ఎందుకు త్వరగా పోతుందో తెలుస్తుంది. పైగా దీనికీ పెయింటుకూ మధ్య రసాయన బంధం ఏమీ ఉండదు, ఉపరితలానికి అంటుకుని ఉంటుందంతే. వేడి, రాపిడి, ఘాటైన సబ్బు ఈ మూడూ దాన్ని ఊడదీస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంటే బాగా ఉన్నట్టే. ఎరుపు, నలుపు, ముదురు నీలం రంగులకు ఇది ఇచ్చే తడి తడి లోతు నిజంగా బాగుంటుంది. తెలుపు, వెండి రంగు కార్లలో ఆ తేడా కనిపించడం కష్టం. ఆ రంగుల వాళ్లు కార్నౌబా కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

సింథటిక్ సీలెంట్లలో పనిచేసేవి ఎక్కువగా మార్పులు చేసిన సిలికోన్ పాలిమర్లు, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. వీటిలోని అమైన్ సమూహాలు (నైట్రోజన్ ఉన్న భాగాలు) పెయింటును పట్టుకుంటాయి. ద్రావకం ఆవిరయ్యే కొద్దీ పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా తయారవుతాయి. నాలుగు నుంచి ఆరు నెలల మన్నిక ఈ వల వల్లే వస్తుంది. వల అల్లుకోవడానికి సమయం పడుతుంది. చాలా సీలెంట్ల లేబుల్ మీద 12 నుంచి 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దని రాసి ఉంటుంది. పైకి కనిపించే మసకను తుడిచేశాం కదా, పని అయిపోయిందనుకుని సాయంత్రం కారు బయట వదిలేస్తే, రాత్రి మంచు పడితే చాలు, ఆరు నెలలది రెండు నెలలకే పోతుంది. సీలెంట్ నాసిరకమని తిట్టుకునే ముందు ఆ మొదటి రాత్రి కారు ఎక్కడుందో చూసుకోవాలి.

సిరామిక్ అనే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. వ్యాసంలో రెండింటినీ ఒకే గడిలో పెట్టడం పొరపాటు. స్ప్రే సీసాల్లో వచ్చేది సిలికా ఆధారిత పదార్థాన్ని పల్చగా కలిపిన ద్రవం. వాడకం సీలెంట్ లాంటిదే, కొన్ని నెలలు ఉంటుంది. చిన్న గాజు సీసాలో, 30 లేదా 50 మిల్లీలీటర్లలో వచ్చే అసలు కోటింగ్ వేరు. అది గాలిలోని తేమతో చర్య జరిపి గట్టిపడి, క్లియర్ కోట్‌తో రసాయనికంగా బంధం ఏర్పరుచుకుంటుంది. సరిగ్గా వేస్తే సంవత్సరాలు ఉంటుంది, సరిగ్గా వేయకపోతే ఆ తప్పు కూడా సంవత్సరాలు ఉంటుంది. ఒకసారికి రెండు అడుగుల చదరం మించకుండా పూసి, ఇంద్రధనుస్సు రంగులు కనిపించగానే పొడి గుడ్డతో సమం చేయాలి. పక్క నుంచి లైటు వేసి చూడకపోతే ఎక్కడో ఒకచోట ఎక్కువైన కోటింగ్ నల్లటి మచ్చలా గట్టిపడుతుంది. ఆ తర్వాత పాలిష్‌తో అరగదీయడమే మార్గం. అడుగున సన్నని గుండ్రటి గీతలుంటే వాటిని కూడా కోటింగ్ అలాగే భద్రపరుస్తుంది. ముందు పాలిష్ చేయని కారు మీద దీన్ని ఇంట్లో మొదటిసారి ప్రయత్నించొద్దని గట్టిగా చెబుతాను. కొత్తగా మొదలుపెట్టేవారికి ద్రవరూప సీలెంటే నయం.

క్లీనర్ వ్యాక్స్ గురించి వ్యాసంలో లేదు. దీనిలో సన్నటి రాపిడి పొడి, ద్రావకం కూడా ఉంటాయి. కళ తప్పిన పాత పెయింటుకు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పనికొస్తుంది. నెలనెలా వాడితే ప్రతిసారీ క్లియర్ కోట్ కొంచెం అరుగుతుంది. క్లియర్ కోట్ ఉన్న కారు మీద రుద్దుతున్నప్పుడు గుడ్డకు కారు రంగు అంటితే అక్కడ పై పొర పోయిందని అర్థం, వెంటనే ఆపేయాలి. క్లియర్ కోట్ లేని పాత తరం పెయింట్లలో మాత్రం రంగు అంటడం మామూలే.

ఇక తయారీ. ఏ రకానికైనా ముందు కార్ల షాంపూతో కడగాలి. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు ఉంచి, ప్రతి ప్యానెల్ తర్వాత కడిగే చేతి తొడుగును మామూలు నీళ్లలో జాడించాలి. ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరపండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోటే సంచిలోంచి గరుకు తెలుస్తుంది. అది బ్రేకుల నుంచి వచ్చే ఇనుప రజను, చెట్ల జిగురు, గాల్లోంచి వచ్చి పడిన పెయింటు తుంపర లాంటిది, కడిగితే పోదు. దాని మీద సీలెంట్ పూస్తే అది పట్టుకునేది మురికిని, పెయింటును కాదు. దీనికి క్లే బార్ (ఇలాంటి మురికిని అంటించుకుని ఎత్తేసే మెత్తటి ముద్ద) వాడాలి. అరచేతిలో పట్టేంత ముక్కను చపటాగా చేసి, లూబ్రికెంట్ (జారుడు ద్రవం) ధారాళంగా చల్లి, బరువు వేయకుండా నిలువుగా, అడ్డంగా జరపాలి. గుండ్రంగా తిప్పకూడదు. ముక్క మురికిపడగానే మడిచి కొత్త ముఖం తీయాలి. నేల మీద పడిన క్లే ముక్కను కడిగి వాడొద్దు, ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా బానెట్ అంతా గీతలే.

క్లే తర్వాత మళ్లీ కడగాలి. రకాల మధ్య అసలు తేడా ఇక్కడ బయటపడుతుంది. కార్నౌబాకు ఇంతటితో సరిపోతుంది, అందులోనే నూనెలుంటాయి కాబట్టి పెయింటు మీద కొద్దిగా జిడ్డు మిగిలినా పెద్ద నష్టం లేదు. సీలెంట్‌కు, సిరామిక్‌కు ఆ జిడ్డే శత్రువు. లూబ్రికెంట్, పాత వ్యాక్స్, పాలిష్‌లోని నూనె ఏది మిగిలినా మనం పూసేది పెయింటును చేరకుండా అడ్డుపడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను 15 శాతం మించకుండా నీళ్లలో కలిపి గుడ్డ మీద చల్లి, ప్యానెల్ ప్యానెల్‌గా తుడవాలి. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసిన వారే మన్నిక గురించి ఎక్కువగా ఫిర్యాదు చేస్తారు.

పూసేటప్పుడు నీడ ఉండాలి, ప్యానెల్ చల్లగా ఉండాలి. చేతి వెనుక భాగం ఆనిస్తే వెచ్చదనం తెలియకూడదు. వేడి ప్యానెల్ మీద ద్రావకం క్షణాల్లో ఎగిరిపోయి వ్యాక్స్ అతుక్కుపోతుంది, తుడుస్తుంటే చారలు పడతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండి చలిగా ఉంటే ఎంతసేపటికీ ఆరదు, పులుముకుపోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు మోతాదు. మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉంటుందనేది నిజం కాదు. పెయింటుకు తాకిన పల్చటి పొరే పట్టుకుంటుంది, మిగిలిందంతా గుడ్డలోకే పోతుంది. పైగా మందపు పొర పాల మీద మీగడ కట్టినట్టు పైన ఆరి, అడుగున తడిగా ఉండిపోతుంది. తుడవబోతే బంకలా సాగుతుంది. ద్రవరూప సీలెంట్ అయితే మధ్యస్థ కారు మొత్తానికి 30 మిల్లీలీటర్లు చాలు. గట్టి పేస్ట్ అయితే తడిపి పిండిన ఫోమ్ ప్యాడ్‌ను డబ్బాలో ఒక్కసారి తిప్పి తీస్తే ఒక డోరుకు సరిపోతుంది. పూశాక పొగమంచులాంటి మసక కనిపించాలి, తెల్లటి పూత కనిపించకూడదు. కార్నౌబాను ఒకటి రెండు ప్యానెళ్లు పూసి తుడిచేస్తూ పోవాలి. సీలెంట్‌ను లేబుల్ ఒప్పుకుంటే కారంతా పూశాక తుడవొచ్చు. ఆరిందో లేదో తెలియడానికి వేలితో ఒక గీత గీయండి. గీత శుభ్రంగా వస్తే తుడవొచ్చు, పులుముకుంటే ఇంకా ఆగాలి. గుడ్డ 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు 350 గ్రాముల బరువు) దగ్గరి మైక్రోఫైబర్ అయితే బాగుంటుంది. నాలుగుగా మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి, ముఖం మారుస్తూ తుడవాలి. మొదటి గుడ్డతో తీసేసి, రెండో శుభ్రమైన గుడ్డతో మెరుగు పెట్టాలి. ఎక్కడైనా గట్టిపడిపోతే గోకొద్దు. దాని మీదే కొంచెం తాజా వ్యాక్స్ రాసి వెంటనే తుడిస్తే కొత్తదాంట్లోని ద్రావకం పాతదాన్ని మెత్తబరుస్తుంది.

రెండో కోటు వేయడం మంచిదే, మొదటిసారి వదిలేసిన చోట్లు కప్పడానికి. మూడు, నాలుగు కోట్లు వేసుకుంటూ పోతే పొర పెరగదు, ప్రతి కొత్త కోటులోని ద్రావకం కింది దాన్ని కొంత కరిగిస్తుంది. సీలెంట్ అయితే రెండు కోట్ల మధ్య లేబుల్ చెప్పినంత వ్యవధి ఇవ్వాలి. సీలెంట్ పూర్తిగా గట్టిపడ్డాక పైన కార్నౌబా వేయొచ్చు, అడుగున మన్నిక, పైన లోతు రెండూ వస్తాయి. తలకిందులుగా చేస్తే మైనం మీద సీలెంట్ నిలవదు. ఇప్పటికే కార్నౌబా ఉన్న కారును సీలెంట్‌కు మార్చాలంటే గిన్నెలు తోమే ద్రవంతో ఒకసారి కడిగితే సరిపోతుందని వ్యాసంలో ఉంది. దానితో చాలావరకు పోతుంది గానీ పూర్తిగా పోదు. పైన చెప్పిన ఆల్కహాల్ తుడుపు తప్పదు. పాత సీలెంట్ అయితే ఆ ద్రవానికి లొంగదు, తేలికపాటి పాలిష్ కావాలి. ఆ ద్రవాన్ని వారం వారం కడగడానికి మాత్రం ఎప్పుడూ వాడకండి. దానికి పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూ ఉంది.

పూయకూడని చోట్లు కొన్ని. గరుకు నల్ల ప్లాస్టిక్ మీద వ్యాక్స్ పడితే గుంటల్లో తెల్లగా ఉండిపోతుంది, ముందే మాస్కింగ్ టేప్ అంటించడం సులువు. విండ్‌షీల్డ్ మీద పడితే వైపర్లు కొట్టుకుంటూ నీటిని పులుముతాయి. మెరుపు లేని మ్యాట్ పెయింటుకు మామూలు వ్యాక్స్ పనికిరాదు, మచ్చలుగా మెరుస్తుంది. బాడీ షాపులో కొత్తగా పెయింటు వేయించిన ప్యానెల్‌కు ద్రావకాలు బయటకు పోవడానికి సమయం కావాలి. పెయింటు తయారీదారు చెప్పిన గడువును బట్టి 30 నుంచి 90 రోజులు ఆగాలి. కంపెనీలో వేడితో గట్టిపరిచిన పెయింటుకు ఈ గడువు అక్కర్లేదు. కారుకు మళ్లీ పెయింటు వేయించాల్సి వస్తే సిలికోన్ ఉన్న సీలెంట్ వాడామని పెయింటర్‌కు ముందే చెప్పండి. దాని ఆనవాలు మిగిలితే కొత్త పెయింటులో చిన్న చిన్న గుంటలు పడతాయి.

నీటి బొట్లు గుండ్రంగా నిలిస్తే వ్యాక్స్ బాగున్నట్టు అని వ్యాసం చెప్పింది. అది సగం నిజం. మురికి పేరుకున్నా బొట్లు చదునవుతాయి, కడిగి చూస్తే మళ్లీ గుండ్రంగా నిలుస్తాయి. కడిగిన తర్వాత కూడా నీరు చదునుగా నిలబడిపోతేనే వ్యాక్స్ పోయిందనుకోవాలి. బొట్లు నిలిచే కారును ఆరబెట్టడం ఇంకా ముఖ్యం. ఖనిజ లవణాలు ఎక్కువున్న కఠిన జలం బొట్టు ఎండలో ఆరితే కాల్షియం, మెగ్నీషియం ఉంగరంలా మిగిలిపోతాయి. తాజా మరకకు తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తడిపిన గుడ్డను నిమిషం పాటు ఆనించి, బాగా కడిగేయాలి. అక్కడ వ్యాక్స్ కూడా కొంత పోతుంది, మళ్లీ రాసుకోవాలి. పిట్ట రెట్టను ఏ వ్యాక్స్ ఆపలేదు, కొన్ని గంటల వ్యవధి ఇస్తుంది. తడి గుడ్డ కప్పి నానబెట్టి ఎత్తేయాలి. పొడిగా రుద్దితే అందులోని గింజలు, ఇసుక గీతలు పెడతాయి.

ఆ పట్టికను మళ్లీ ప్రచురిస్తే మరో మూడు నిలువు వరుసలు చేర్చమని మనవి: పూయడానికి ముందు పెయింటు ఎంత శుభ్రంగా ఉండాలి, పూశాక ఎన్ని గంటలు నీళ్లు తగలకూడదు, తర్వాత దాన్ని తీసేయాలంటే ఏం వాడాలి.

ఇట్లు,
కార్ల పెయింటు పనిలో ఉన్న ఒక పాఠకుడు