ఆ "అలాగేనండీ" దొరికింది

పాత కచేరీ రికార్డింగ్ ఒకటి వెతికిపెట్టమంటే సాయం చేసినవాళ్లలో ముప్పాతిక మందికి తెలుగు రాదు. వాళ్లకు థాంక్స్ ఇంగ్లీషులో విడిగా రాసుకున్నాను. ఇది మనవాళ్ల కోసం, ముఖ్యంగా "ఇంతకీ ఆ ఫిల్ ఎవర్రా, నీకేమవుతాడు?" అని ఫోన్ చేసి మరీ అడిగినవాళ్ల కోసం.

ఫిల్ లెష్ 2024 అక్టోబర్ 25న పోయారు. 84 ఏళ్లు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కి 1965 నుంచి, 1995లో బ్యాండ్ గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా పోయేదాకా, మంద్రస్వరాలు పలికే లావు తీగల బేస్ గిటార్ ఆయనదే. తమాషా ఏమిటంటే బ్యాండ్‌లో చేరే నాటికి ఆయనకి బేస్ వాయించడం రాదు. చిన్నప్పుడు వయొలిన్, తర్వాత ట్రంపెట్, ఆ తర్వాత మిల్స్ కాలేజీలో ఇటలీ స్వరకర్త లుచియానో బెరియో దగ్గర చదువు. గార్సియా రమ్మంటే వెళ్లి, వాయిస్తూ నేర్చుకున్నారు. అందుకేనేమో ఆయన బేస్ వెనకాల నిలబడి తాళం మోయదు. పాటతో పాటే నడుస్తూ, మధ్యలో తన మాట తను మాట్లాడుతుంది.

ఇదంతా నాకు చెప్పింది మా రూమ్మేట్. గుంటూరు వాడు. శాన్ హోసేలో ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లున్నాం. వాడి కారులో ఇరవై నిమిషాల పాట ఒకటి మొదలైతే నేను నిద్రపోయి లేచేసరికి ఇంకా అదే పాట నడుస్తూ ఉండేది. 2014లో నన్ను బలవంతంగా శాన్ రఫేల్ లాక్కెళ్లాడు. అక్కడ ఫిల్, ఆయన భార్య కలిసి నడిపిన టెరాపిన్ క్రాస్‌రోడ్స్ ఉండేది. ఒక పక్క భోజనం, ఒక పక్క కచేరీ. 2012లో తెరిచారు, 2021లో మూసేశారు. మావాడు తిన్నగా ఫిల్ నిలబడే చోటికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. అభిమానులు ఆ చోటుని ఫిల్ జోన్ అంటారు. బేస్ చెవులకంటే ముందు పక్కటెముకలకి వినిపిస్తుంది అక్కడ.

ఆఖరి పాటకి ముందు ఫిల్ మైకు దగ్గరికొచ్చి రెండు నిమిషాలు మాట్లాడారు. 1998లో ఆయనకి కాలేయ మార్పిడి జరిగింది. ముక్కూ మొహం తెలియని ఒక కుర్రాడి కాలేయం. ఆ తర్వాత దాదాపు 26 ఏళ్లు బతికారు. కచేరీల్లో ఆ సంగతి చెప్పి, మీరు కూడా అవయవదానానికి ఒప్పుకోండి, ఆ మాట ఈ రాత్రే మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి అని అడిగేవారు. అందరూ చప్పట్లు కొడుతుంటే మావాడు గొంతు చించుకుని "అలాగేనండీ!" అని అరిచాడు. తెలుగులో. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది.

వాడు అన్నమాట ప్రకారమే చేశాడు. డ్రైవింగ్ లైసెన్సు మీద అవయవదాతనని తెలిపే గులాబీ చుక్క వేయించుకున్నాడు, వాళ్లమ్మగారికి ఫోన్ చేసి చెప్పాడు. 2019లో యాక్సిడెంట్ అయినప్పుడు ఆస్పత్రివాళ్లు అడిగితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాడు నాకు ముందే చెప్పాడు నాయనా" అంది. అంతకంటే రాయలేను.

ఫిల్ పోయారని తెలిసిన రోజు ఆమే నాకు ఫోన్ చేసింది. "మావాడు చెప్పిన ఆ పెద్దాయనేనా? ఆయన మాట ఒకసారి వినిపించగలవా?" నా దగ్గర ఆ రాత్రి రికార్డింగ్ ఉండాలి. కానీ పాత ఫోన్ పాడైనప్పుడే పోయింది. తప్పు నాదే, ఇంకోచోట దాచుకోలేదు.

అప్పుడు ఆ రాత్రి రికార్డింగ్ ఎవరి దగ్గరైనా ఉందా అని డెడ్ అభిమానుల్ని అడిగాను, మొహమాటపడుతూనే. తారీకు గుర్తులేదు, వసంతకాలం, వారాంతం, అంతే.

డెడ్ అభిమానుల సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఈ బ్యాండ్ తమ కచేరీలను జనాన్ని రికార్డు చేసుకోనిచ్చేది. 1984లో ఆ పనికోసం విడిగా చోటు కూడా కేటాయించారు. ఒక్కటే నియమం: అమ్ముకోకూడదు. ఖాళీ క్యాసెట్లు, పోస్టు ఖర్చులు పంపితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లే కాపీ చేసి పంపేవారు. క్యాసెట్లు పోయినా ఆ అలవాటు పోలేదు.

రెండు రోజుల్లో శాక్రమెంటో నుంచి ఒక పెద్దాయన ఆ సంవత్సరం తను వెళ్లిన కచేరీల పట్టిక పంపారు. శాంతా రోసాలో ఉండే ఒక నర్సు, "ఏదో భాషలో అరిచిన అబ్బాయా? నా పక్కనే ఉన్నాడు" అని రాసింది! దాంతో తారీకులు మూడుకి తగ్గాయి. పెటలూమాలో ఒకాయన గ్యారేజ్‌లోని హార్డ్ డిస్కులు దించి, ఆ మూడు రాత్రులూ కూర్చుని విని, మూడోదాంట్లో పట్టుకున్నాడు. చప్పట్ల మోత తగ్గించి ఆ ఒక్క మాట తేల్చింది ఆరెగన్‌లో కాలేజీ చదివే అమ్మాయి. ఒక్కరు కూడా పైసా తీసుకోలేదు. నర్సుగారికి మాత్రం దీపావళికి సున్నుండలు పంపాను, బాగా నచ్చాయట.

గుంటూరులో మావాడి బాబాయి కొడుకు స్పీకర్ తీసుకెళ్లి వినిపించాడు. తమ్ముడూ, నువ్వు ఆ సాయంత్రం అక్కడే కూర్చున్నందుకు నీకు ప్రత్యేకంగా థాంక్స్.

అమ్మగారు "అలాగేనండీ"ని నాలుగుసార్లు వేయించుకుందట. తర్వాత పాట కూడా పెట్టమంది. రేడియోలో కచేరీలు వింటూ పెరిగిన మనిషి. అంతా విని నాకు ఫోన్ చేసి, "ఆ లావు తీగల ఆయన పక్కవాద్యం లాగా వాయించడం లేదబ్బాయీ, గాయకుడితో పోటీ పడుతున్నాడు" అంది. మావాడు నాలుగేళ్లు చెప్పినా నా బుర్రకెక్కనిది ఆమెకి ఒక్క వినికిడిలో తెలిసిపోయింది.

రికార్డింగ్ ఎవరికి కావాలన్నా అడగండి. డబ్బులు వద్దు, అమ్ముకోవద్దు. ఆఖరి పాటకి ముందు, చప్పట్లు మొదలయ్యాక కొంచెం వాల్యూమ్ పెంచండి.