లెక్క కట్టే తీరు చూడకుండా అనలిటిక్స్ టూల్‌ను నమ్మేదెలా?

సంపాదకుల వారికి నమస్కారం.

వెబ్‌సైట్‌కు ఎంతమంది వస్తున్నారు, వచ్చినవారిలో ఎందరు కొంటున్నారు లేదా ఫారం నింపి పంపుతున్నారు అన్న సంగతి చెప్పే అనలిటిక్స్ టూల్స్ మీద పత్రికల సాంకేతిక పుటల్లో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో చాలా భాగం ఏది ఉచితం, దేనిలో రిపోర్టులు ఎక్కువ, ఏ డ్యాష్‌బోర్డ్ చూడముచ్చటగా ఉంది అన్న పోలికతోనే ముగిసిపోతున్నాయి. చిన్న సంస్థల వెబ్‌సైట్ల బాగోగులు చూసే పనిలో ఉన్నవాడిగా ఈ పోలికలు అసలు విషయాన్ని వదిలేస్తున్నాయని నేను గట్టిగా భావిస్తున్నాను. ఒక టూల్ దేన్ని ఒక సందర్శనగా లెక్కిస్తుంది, దేన్ని కన్వర్షన్‌గా, అంటే కొనుగోలు లేదా ఫారం పంపడం వంటి మనం ఆశించిన చర్యగా నమోదు చేస్తుంది, ఎవరిని అసలు చూడలేకపోతుంది అన్న మూడు సంగతులూ తెలియకుండానే ఎందరో ఆ అంకెల ఆధారంగా ప్రకటనల ఖర్చు పెంచుతున్నారు, బాగా నడుస్తున్న పేజీలను తీసేస్తున్నారు.

ముందుగా, ఏ రెండు టూల్స్ లెక్కలూ ఒకదానితో ఒకటి కలవవన్నది గ్రహించాలి. ఏడబ్ల్యూస్టాట్స్ వంటివి సర్వర్ లాగ్‌లను, అంటే సైటును నడిపే కంప్యూటర్ రాసుకునే చిట్టాలను చదివి లెక్క కడతాయి. సర్వర్‌కు అందిన ప్రతి అభ్యర్థనా ఆ లాగ్‌లో ఉంటుంది కాబట్టి మనుషులతో పాటు బాట్లు, అంటే తమంతట తాము పేజీలు తెరిచే ప్రోగ్రాములు కూడా అందులో పడతాయి. గూగుల్ అనలిటిక్స్, మాటోమో, ప్లాజిబుల్ వంటివి సాధారణంగా పేజీలో పెట్టిన చిన్న స్క్రిప్ట్ ద్వారా పనిచేస్తాయి. సందర్శకుడి బ్రౌజర్‌లో ఆ స్క్రిప్ట్ నడిస్తేనే ఆ మనిషి లెక్కకు వస్తాడు. ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ దాన్ని ఆపేస్తే, వచ్చి కొనుక్కుని వెళ్లినా రానట్టే. అందువల్ల పాత టూల్ తీసేసి కొత్తది పెట్టిన నెలలో సందర్శకులు తగ్గినట్టు కనిపిస్తే వ్యాపారం పడిపోయిందని కంగారు పడే ముందు కొలిచే పద్ధతి మారిందేమో చూడాలి.

ఒక మనిషిని గుర్తుపట్టే తీరులోనూ ఇదే చిక్కు ఉంది. కుకీ (బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తు) మీద ఆధారపడే టూల్‌కు, లాగిన్ లాంటి ఆనవాలు ఏదీ లేకపోతే, పొద్దున ఫోన్‌లో చూసి రాత్రి ల్యాప్‌టాప్‌లో కొన్న ఒకే వ్యక్తి ఇద్దరిగా కనిపిస్తాడు. సఫారీ బ్రౌజర్ 2019 నుంచి స్క్రిప్ట్ పెట్టే కుకీల ఆయుష్షును ఏడు రోజులకు కుదించింది కాబట్టి, పది రోజుల తర్వాత తిరిగి వచ్చిన పాత ఖాతాదారు కూడా అక్కడ కొత్తవాడే. కుకీలే వాడని ప్లాజిబుల్ గుర్తింపు సంకేతాన్ని రోజూ మార్చేస్తుంది. ఒకే వ్యక్తి నెలలో ఐదు వేర్వేరు రోజుల్లో వస్తే దాని నెలవారీ లెక్కలో ఐదుగురు అవుతారు. గోప్యత కోసం తెలిసి చేసిన ఏర్పాటు అది, దాన్ని తప్పుపట్టడం లేదు. రోజుకు ఏ వ్యాసాన్ని ఎంతమంది చదివారో తెలిస్తే చాలనుకునే సైటుకు అది హాయిగా సరిపోతుంది. కొనాలా వద్దా అని వారాల తరబడి ఆలోచించి తీసుకునే వస్తువును అమ్మేవారికి మాత్రం అది చాలదు.

మాట ఒకటే ఉండి అర్థం మారిపోయిన సందర్భాలు మరీ ప్రమాదకరం. గూగుల్ అనలిటిక్స్ పాత రూపమైన యూనివర్సల్ అనలిటిక్స్‌లో ఒక్క పేజీ తెరిచి, మరే చర్యా నమోదు కాకుండా వెళ్లిపోతే, ఆ పేజీని పది నిమిషాలు శ్రద్ధగా చదివినా సరే, అది బౌన్స్, అంటే వచ్చి ఊరికే వెనుదిరిగిన సందర్శన. దాని తర్వాతి రూపమైన గూగుల్ అనలిటిక్స్ 4లో ఒక సెషన్ (ఒక విడత సందర్శన) పది సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, ముఖ్యమైన ఈవెంట్ (మనం ముఖ్యమని గుర్తుపెట్టిన చర్య) ఒకటి జరిగినా అది బౌన్స్ కాదు. ఈ తేడా తెలియక రెండు కాలాల బౌన్స్ రేట్లను పక్కపక్కన పెట్టి, సైటు ఎంతో మెరుగుపడిందని యాజమాన్యానికి నివేదికలు ఇస్తున్నవారు ఉన్నారు. అవి కాకిలెక్కలే.

కన్వర్షన్ల దగ్గరే అసలు నష్టం జరుగుతుంది. చాలా సైట్లలో డబ్బు కట్టిన తర్వాత వచ్చే ధన్యవాదాల పేజీ తెరుచుకుంటే ఒక కన్వర్షన్ అని లెక్క పెడతారు. కొన్నవారు ఆ పేజీని రిఫ్రెష్ చేస్తే, లేదా ఆర్డర్ వివరాల కోసం మర్నాడు మళ్లీ తెరిస్తే, ఒక్క అమ్మకం రెండవుతుంది. దీనికి విరుద్ధంగా, చెల్లింపు పేజీలో డబ్బు కట్టేసి అక్కడికక్కడే విండో మూసేసినవారి ఆర్డర్ ఖాతాలో ఉంటుంది, టూల్‌లో ఉండదు. చెల్లింపు సంస్థ పేజీ నుంచి సైటుకు తిరిగి వచ్చినప్పుడు, ముందుగా సెట్టింగులలో సరిచేయకపోతే, ఆ ఆర్డర్ తెచ్చిపెట్టిన ఘనత మొత్తం ఆ చెల్లింపు సంస్థకే దక్కుతుంది. ఆ మనిషిని నిజంగా రప్పించిన ప్రకటన ఊసే ఉండదు.

ఏ టూల్‌నైనా ఖరారు చేసే ముందు నేను చేసే పరీక్ష చాలా సాదాసీదాది. ఫోన్‌లో ప్రైవేట్ విండో తెరిచి, చివర యూటీఎం గుర్తులు (సందర్శకుడు ఎక్కడి నుంచి వచ్చాడో టూల్‌కు చెప్పే పదాలు) తగిలించిన లింకుతో సైటులోకి వెళ్లి, అన్నిటికంటే చవకైన వస్తువును నిజంగానే డబ్బు కట్టి కొంటాను. ఆర్డర్ నంబరు కాగితం మీద రాసుకుని, ధన్యవాదాల పేజీని రిఫ్రెష్ చేసి, దాన్ని మూసి, అదే చిరునామాతో మళ్లీ తెరుస్తాను. ఇంత చేసినా టూల్‌లో ఒక్క కన్వర్షనే కనిపించాలి, దాని విలువ బిల్లుతో సరిపోవాలి, మూలం దగ్గర నేను లింకులో ఇచ్చిన పేరే ఉండాలి. ఒకటికి రెండు కనిపిస్తే, ఆ ఈవెంట్‌తో పాటు ఆర్డర్ నంబరు టూల్‌కు వెళ్లడం లేదేమో, లేదా ఒకే ట్యాగ్‌ను (కొలిచే స్క్రిప్ట్‌ను) సైటు థీమ్‌లో ఒకసారి, ట్యాగ్‌లను ఒకచోట నిర్వహించే ట్యాగ్ మేనేజర్‌లో మరోసారి పెట్టారేమో వెతకాలి. ఆ తర్వాత ఒక వారం పాటు ఆర్డర్ల పుస్తకాన్నీ టూల్‌నూ పక్కన పెట్టుకుని నంబరు నంబరూ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. కొన్ని తగ్గడం సహజం. తగ్గుదల ప్రతి వారం దాదాపు ఒకే మోతాదులో ఉంటే ఆ టూల్‌తో పని చేయవచ్చు. ఒక వారం తగ్గుతూ మరో వారం పెరుగుతూ ఉంటే మాత్రం, దాని రిపోర్టులు ఎంత అందంగా ఉన్నా నేను పక్కన పెట్టమనే చెబుతాను.

ఈ పనికి పూనుకున్నవారికి మరో వింత ఎదురవుతుంది. ప్రకటనలు అమ్మే సంస్థలు ఇచ్చే కన్వర్షన్లన్నీ కూడితే అసలు ఆర్డర్ల కంటే ఎక్కువ వస్తాయి. ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ మెటా తన ప్రకటనను క్లిక్ చేసిన ఏడు రోజుల్లోపు, చూసిన ఒక రోజులోపు జరిగిన కొనుగోలును మామూలు సెట్టింగు ప్రకారం తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్ సాధారణంగా క్లిక్ తర్వాత 30 రోజుల దాకా లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే మనిషి రెండు చోట్లా ప్రకటన క్లిక్ చేసి ఒక్క వస్తువు కొంటే, రెండు సంస్థలూ అది తమ ఘనతే అంటాయి. ఎవరి డప్పు వారు కొట్టుకునే ఈ చోట ఇరుపక్షాలకూ చెందని లెక్క ఒకటి మన దగ్గర ఉండి తీరాలి. గూగుల్ అనలిటిక్స్ 4 కూడా పూర్తిగా తటస్థమని అనలేం. అందులో మొదటి క్లిక్‌కు, లేదా అన్ని క్లిక్‌లకూ సమానంగా ఘనత పంచే నమూనాలను 2023లో తొలగించారు. మిగిలిన వాటిలో డేటా ఆధారితమని పిలిచే నమూనా ఒక్కో ప్రకటనకు ఎంత వాటా ఎందుకు ఇచ్చిందో మనం చేతితో సరిచూసుకునే వీలు లేదు. అందుకే ఘనతంతా చివరి క్లిక్‌కే ఇచ్చే నమూనాలో లోపాలున్నా, దాన్నీ పక్కన పెట్టుకుని చూడమని నా సలహా.

మూలం తెలియని సందర్శనలు డైరెక్ట్ అనే పద్దు కింద జమ అవుతాయి. వాట్సాప్‌లో ఒకరు పంపిన లింకు నొక్కి వచ్చినవారు కూడా చాలావరకు అందులోనే చేరతారు. మన పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వస్తున్నారని మురిసిపోయే ముందు, మనం పంపే ప్రతి లింకుకూ యూటీఎం గుర్తు పెట్టామో లేదో చూసుకోవాలి. గూగుల్ 2005లో కొన్న అర్చిన్ అనే సంస్థ నుంచి వచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు దాదాపు అన్ని టూల్సూ చదువుతాయి. కాబట్టి రేపు టూల్ మారినా ఈ శ్రమ వృథా పోదు.

చిన్న సైట్ల విషయంలో మరో మాట చెప్పాలి. 500 మంది వచ్చి 10 మంది కొన్న వారం తర్వాత, మళ్లీ అంతే మంది వచ్చి 14 మంది కొంటే, డ్యాష్‌బోర్డ్ 40 శాతం పెరుగుదల అని పచ్చ బాణం చూపిస్తుంది. పది ఆర్డర్లు వచ్చే చోట ఏ మార్పూ లేకుండానే మూడు నాలుగు అటూ ఇటూ అవుతాయి. ఆ బాణాన్ని నమ్మి బటన్ రంగు మార్చడం వల్లే అమ్మకాలు పెరిగాయని తీర్మానించడం సరికాదు. ఇంత తక్కువ అంకెలున్నప్పుడు హెచ్చరించే టూల్ ఉంటే, దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

సందర్శకుల అనుమతి గురించి కూడా ఆలోచించక తప్పదు. ఐరోపాలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 2018 మే నుంచి అమలులో ఉంది. గూగుల్ అనలిటిక్స్ ద్వారా డేటా అమెరికాకు వెళ్లడాన్ని 2022 ఆరంభంలో ఆస్ట్రియా, ఫ్రాన్స్ నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి. కుకీలు వద్దన్నవారిని కొన్ని టూల్స్ లెక్కనుంచి వదిలేస్తే, మరికొన్ని అంచనా కట్టి కలుపుతాయి. అంచనా వేయడం తప్పు కాదు, కానీ చూసి లెక్కపెట్టిన అంకె ఏదో, ఊహించి కలిపిన అంకె ఏదో విడిగా చూపించమని అడిగే హక్కు వాడేవారికి ఉంది. క్లారిటీ, హాట్‌జార్ వంటివి సందర్శకుడి కదలికలను రికార్డు చేసి చూపిస్తాయి. ఫారంలో ఏ గడి దగ్గర జనం ఆగిపోతున్నారో తెలుసుకోవడానికి వాటిని మించినవి లేవు, అయితే కారణం దొరికాక కూడా వాటిని నడుపుతూ ఉండటం నాకు సమ్మతం కాదు.

ఇక డేటా ఎవరి చేతిలో ఉంటుందన్నది. యూనివర్సల్ అనలిటిక్స్ ఉచిత ఖాతాలు 2023 జూలై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేశాయి, మరుసటి ఏడాది జూలై నుంచి పాత రిపోర్టులూ అందకుండా పోయాయి. ముందే దించుకోనివారికి ఏళ్ల చరిత్ర పోయింది. మాటోమోను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఈ భయం ఉండదు, కానీ అప్‌డేట్లు, బ్యాకప్‌లు, భద్రత అన్నీ మన నెత్తినే పడతాయి. ఆ పని చూసే మనిషి లేని సంస్థకు దాన్ని నేను సూచించను. గూగుల్ అనలిటిక్స్ 4 ఉచిత ఖాతా తీసుకునేవారు మాత్రం ఒక్క పని ఆలస్యం చేయకూడదు. లోతైన విశ్లేషణకు వాడే వివరమైన డేటాను అది మామూలుగా రెండు నెలలే ఉంచుతుంది. సెట్టింగులలో దాన్ని 14 నెలలకు మార్చుకోవచ్చు, అయితే మార్చే నాటికే చెరిగిపోయిన డేటా తిరిగి రాదు. కనుక ట్యాగ్ పెట్టిన రోజే ఆ గడువును మార్చి, అదే రోజున గూగుల్ డేటా నిల్వ సేవ బిగ్‌క్వెరీకి ఎగుమతి కూడా ప్రారంభించాలని మీ పాఠకులను కోరుతున్నాను.

భవదీయుడు,
వెబ్‌సైట్ల నిర్వహణలో పనిచేస్తున్న ఒక పాఠకుడు