మా ఇంటి కప్పు వేసిన మనిషి గురించి

ఇర్వింగ్, టెక్సాస్

బాపూ,

ఫోన్లో ఈ సంగతి ఎత్తితే నువ్వు "అవన్నీ మనకెందుకు, నీ పని నువ్వు చూసుకో" అని ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

ఏప్రిల్ చివర్లో ఇక్కడ రాళ్లవాన పడిందని చెప్పాను కదా. నిమ్మకాయలంత రాళ్లు. మా వీధిలో ఒక్క ఇంటి కప్పు కూడా బాగా మిగల్లేదు. డాలస్ చుట్టుపక్కల ఇది కొత్తేమీ కాదు, ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చి చూసి డబ్బులిస్తారు, కాంట్రాక్టర్ మనుషుల్ని తెచ్చి కప్పు మీది పాత పలకలు, షింగిల్స్ అంటారు, పీకించి కొత్తవి వేయిస్తాడు. మా ఇంటికి ఆరుగురు వచ్చారు. పొద్దున ఆరున్నరకు పైకెక్కిన వాళ్లు పొద్దుగూకేదాకా పనిలోనే ఉన్నారు. కింద మేము ఏసీలో కూర్చుంటే నెత్తి మీద మేకులు దిగుతున్న చప్పుడు, ఆ చప్పుడు వింటుంటే నాకు అన్నం సహించలేదు. మజ్జిగ చేసి ఉప్పు, కొత్తిమీర వేసి ఇచ్చాను. మొదట వాసన చూశారు, తర్వాత రెండో జగ్గు అడిగి తాగారు.

వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు, యాభై దాటి ఉంటాయి. గ్వాటెమాల కొండల్లోంచి వచ్చాడు. పేరు రాయను బాపూ, ఈ రోజుల్లో వాళ్ల పేరు ఎక్కడా రాయకపోవడమే మంచిది. స్పానిష్ కూడా ఆయన సొంత భాష కాదట, ఇంట్లో మాట్లాడేది మామ్ అనే మాయా జాతి భాష. మనవాళ్లం అందర్నీ కలిపి మెక్సికన్లు అనేస్తాం. అసలు ఈ టెక్సాసే 1836 దాకా మెక్సికోలో భాగం, ఇక్కడి స్పానిష్ పేర్లవాళ్లలో చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు, ఇక్కడే పుట్టారు, తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నారు. కానీ నేను చెప్పేది వీసా కాగితాలు లేకుండా వచ్చినవాళ్ల గురించి. నువ్వు ఉండొచ్చిన దుబాయ్ వైపు భాషలో ఖల్లివెల్లి.

పని అయిపోయిన మూడు వారాలకు ఒక ఆదివారం ఆ పెద్దాయన మా తలుపు కొట్టాడు. పక్కన పదిహేనేళ్ల కూతురు, ఆ పిల్లే ఇంగ్లీషులో చెప్పింది. "మీరు కాంట్రాక్టర్‌కు డబ్బు ఇచ్చారా? మా నాన్నకు తొమ్మిది రోజుల కూలి రాలేదు." మా వీధిలో ఏడు ఇళ్లు చేశారు వాళ్లు. 1,350 డాలర్లు. నేను మొత్తం బిల్లు కట్టేశాను బాపూ, చెక్కు పోయిన సంగతి బ్యాంకులో కనిపిస్తోంది. నేనిచ్చిన డబ్బు నా నెత్తి మీద పని చేసిన మనిషికి చేరలేదు. ఆ పిల్ల అడిగిన తీరులో కోపం కూడా లేదు, తండ్రి మాటను ఉన్నదున్నట్టు చెప్పాలన్న జాగ్రత్త ఒక్కటే ఉంది, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

కాంట్రాక్టర్‌కు ఫోన్ చేశాను. తను ఇంకొకడికి ఇచ్చానన్నాడు. ఆ ఇంకొకడి ఫోన్ మోగుతుంది, ఎత్తడు. ఇక్కడ ఈ పనులన్నీ ఇలాగే, పెద్ద కాంట్రాక్టర్ కింద చిన్న కాంట్రాక్టర్, వాడి కింద ఇంకో మేస్త్రీ. కూలీని కూలీ అని రాయరు, ఇతనూ ఒక కాంట్రాక్టరే అన్నట్టు రాసుకుంటారు, అలా రాస్తే ఓవర్‌టైమ్ అక్కర్లేదు, పన్ను కోత అక్కర్లేదు. పైనుంచి జారిపడితే? టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని కూలీలకు ప్రమాద బీమా కట్టి తీరాలన్న నిర్బంధం లేదు. ఎండలో నీళ్లు తాగడానికి నాలుగు గంటలకోసారి పది నిమిషాలు ఆపాలని డాలస్ నగరం 2015లో నిబంధన పెట్టింది, 2023లో రాష్ట్రం చేసిన చట్టం అలాంటి నగర నిబంధనలకు గండి కొట్టింది, దాని మీద కోర్టుల్లో కొట్లాట కూడా నడిచింది. పది నిమిషాల నీళ్ల మీద బాపూ!

2024 మార్చిలో బాల్టిమోర్‌లో ఓడ గుద్దుకుని బ్రిడ్జి కూలడం నువ్వు టీవీలో చూసి నాకు ఫోన్ చేశావు, ఓడలో ఎక్కువమంది మన దేశం వాళ్లే అని. అర్ధరాత్రి ఆ బ్రిడ్జి మీద గుంతలు పూడుస్తూ నీళ్లలో పడి చనిపోయిన ఆరుగురూ మెక్సికో, గ్వాటెమాల, హోండురస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాళ్లు. ఆ రోజు మనం ఓడ గురించే మాట్లాడుకున్నాం.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "మేము లైన్లో నిలబడి వచ్చాం, వాళ్లు దూకి వచ్చారు" అని రాస్తుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే టెన్షన్ నాకు తెలియనిది కాదు. కానీ ఆయనకు నిలబడటానికి లైన్ ఎక్కడుంది? పెద్ద చదువు, ప్రత్యేక పనితనం అక్కర్లేని ఉద్యోగాల కింద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి పది వేలు మించకూడదని చట్టంలోనే ఉంది, అదీ ప్రపంచంలోని దేశాలన్నింటికీ కలిపి, పెళ్లాం పిల్లల్ని కూడా లెక్కేసి. మరి ఇన్ని కప్పులు ఎవరు వేయాలి, గడ్డి ఎవరు కొయ్యాలి, మన తెలుగు హోటళ్ల వంటగదిలో అంట్లు ఎవరు తోమాలి? 1942 నుంచి 1964 దాకా ఈ దేశమే ఒప్పందం రాసుకుని మెక్సికో కూలీలను పొలాలకు పిలిపించుకుంది. తర్వాత ఆ ఒప్పందం పోయింది. పని పోలేదు.

2007లో దుబాయ్ సర్కారు క్షమాభిక్ష పెట్టినప్పుడు నువ్వు ఔట్‌పాస్ మీద, అంటే దేశం విడిచిపోవడానికి ఇచ్చే కాగితం మీద వచ్చావు. నేను ఎనిమిదో తరగతి. మెట్‌పల్లి బస్టాండ్లో నువ్వు దిగితే నేను గుర్తుపట్టలేదు, అమ్మ బీడీల చాట పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చిన సంగతి చెల్లె ఇప్పటికీ చెబుతుంది. అక్కడ నీకు దక్కిన క్షమాభిక్ష అంటే జరిమానా లేకుండా వెళ్లిపోనివ్వడం. ఇక్కడ 1986లో పెట్టినప్పుడు దాదాపు 27 లక్షల మందిని ఉండనిచ్చారు. మళ్లీ అంత పెద్దది రాలేదు. ఆ పెద్దాయన వచ్చింది 2015లో, పొలం తాకట్టు పెట్టి, సరిహద్దు దాటించేవాడికి కట్టి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు పోసిన నీకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడికొచ్చాక ఇంకో మోసం. వాళ్ల దేశాల్లో నోటారియో అంటే పెద్ద లాయరు లాంటివాడు, ఇక్కడ నోటరీ అంటే సంతకం చూసి ముద్ర వేసేవాడు, అంతే. ఆ పేరు బోర్డు మీద రాసుకుని కాగితాలు చేయిస్తామని డబ్బు గుంజుతారు. ఈయన దగ్గర కూడా ఒకడు రెండు వేల డాలర్లు తీసుకుని మాయమయ్యాడట.

ఆయన వచ్చినప్పుడు కూతురికి నాలుగేళ్లు. బడికి పోగలుగుతోందంటే కాగితాలు లేని పిల్లల్ని కూడా బడిలో చేర్చుకోవాలని 1982లో ఇక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యం, ఆ కేసు పుట్టింది ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న టైలర్ అనే ఊళ్లోనే. చిన్నప్పుడు వచ్చిన పిల్లలకు పని చేసుకునే వీలిచ్చే డాకా అనే పథకం 2012లో పెట్టారు, కానీ 2007 జూన్‌కు ముందే ఇక్కడ ఉండి ఉండాలి. ఈ పిల్ల అప్పటికి పుట్టనే లేదు. ఇలాంటి పిల్లలకు కాలేజీలో స్థానికులకుండే తక్కువ ఫీజు ఇచ్చే చట్టం అన్ని రాష్ట్రాలకంటే ముందు, 2001లో, టెక్సాసే చేసింది. 2025 జూన్‌లో అది కూడా తీసేశారు. అంటే మీరు నా ఎమ్మెస్‌కు అప్పు చేసి కట్టినలాంటి ఎక్కువ ఫీజు ఇప్పుడు ఈ పిల్ల కట్టాలి. తండ్రి తొమ్మిది రోజుల కూలే రాలేదు.

వీళ్లు పన్నులు కట్టరని అనుకునేవాణ్ణి, అది కూడా తప్పే. కాగితాలు లేనివాళ్లు 2022లో కట్టిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని ఒక పరిశోధన సంస్థ అంచనా వేసింది. అందులో పింఛన్ నిధికి పోయింది 2,570 కోట్లు, ఆ పింఛన్ వాళ్లకు రాదు. 2026 జనవరి నుంచి ఇంటికి నగదు పంపితే నూటికి ఒక డాలరు పన్ను. నేను మీకు బ్యాంకు ఖాతా నుంచి పంపేదానికి లేదు, కౌంటర్ దగ్గర నోట్లో, మనీ ఆర్డర్ లాంటివో ఇచ్చి పంపేవాళ్లకే.

ఆయన ఇప్పుడు ఎస్కినాకు పోవడం లేదట. ఎస్కినా అంటే మూల, మన దగ్గర అడ్డా అంటామే, అదే, సామాన్ల దుకాణం పార్కింగ్ దగ్గర పొద్దున్నే నిలబడతారు. 2025లో లాస్ ఏంజెలెస్‌లో అలాంటి చోట్లనే ఇమిగ్రేషన్ పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. కారు నడపాలన్నా భయం, ఈ రాష్ట్రంలో వాళ్లకు లైసెన్సు ఇవ్వరు, ఇక్కడేమో కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా దొరకదు. పంటి నొప్పితో నెల రోజులుగా దవడ పట్టుకుని తిరుగుతున్నాడు.

నేను కొంత డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "మీరు ఇచ్చేశారు కదా" అని పిల్లతో చెప్పించాడు. అందుకే ఇప్పుడు కూలి ఫిర్యాదు కాగితం నింపుతున్నాం, నేనూ ఆ పిల్లా, మా వంటింటి బల్ల మీద. రాష్ట్ర కార్మిక శాఖకు 180 రోజుల్లోపు ఇవ్వాలి. కాగితాలు ఉన్నాయా లేవా అన్నదానితో సంబంధం లేదు, పని చేస్తే కూలి రావాల్సిందే. కాంట్రాక్టర్ అని రాసుకున్నారు కాబట్టి ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. అంతా నింపాం. అడ్రస్ రాయాల్సిన చోట ఆయన చెయ్యి ఆగిపోయింది, ఇంకా సంతకం పెట్టలేదు.

నీకు షార్జాలో నాలుగు నెలల జీతం ఆపినప్పుడు ఎవరో కేరళ ఆయన అర్జీ రాసి పెట్టాడని ఒకసారి చెప్పావు. ఆ తర్వాత ఏమైందో ఎప్పుడూ చెప్పలేదు. ఆ అర్జీ ఇచ్చావా? డబ్బులొచ్చాయా, లేక అడిగినందుకే ఖల్లివెల్లి అయ్యావా? వాళ్లు మళ్లీ ఆదివారం వస్తారు. ఈలోపు నువ్వే ఫోన్ చెయ్యి, అమ్మకు ఇవ్వకుండా మాట్లాడు.

నీ కొడుకు