ట్రీట్‌మెంట్ అయిపోయాక చెయ్యందించినవాళ్ళకు

రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ పూర్తి చేసుకున్న మా అందరి తరఫున, మా ఇళ్ళవాళ్ళ తరఫున ఈ నాలుగు మాటలు. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు, కీమో ఎక్కించిన సిస్టర్లకు అప్పుడే దణ్ణం పెట్టుకున్నాం. ఇది ఆ తర్వాతి కాలంలో ఆదుకున్నవాళ్ళ కోసం. రేడియేషన్ చివరి రోజు దాటగానే "ఇక అంతా బాగైనట్టేగా" అంటారు. అప్పటిదాకా రోజూ కనిపించిన ఆస్పత్రి మనుషులు కనిపించరు. హార్మోన్ మాత్రలేమో చాలామందికి ఇంకా అయిదేళ్ళు. ఇంటిపని ఎక్కడిదక్కడే ఉంటుంది. ధైర్యం చెప్పేవాళ్ళకు కొదవ లేదు, వాళ్ళకూ కృతజ్ఞతలే. కానీ ఏది ఎప్పుడు చెయ్యాలో, దేనికి పరుగెత్తాలో, దేనికి అక్కర్లేదో విడమరిచి చెప్పినవాళ్ళ వల్లే మేం నిలదొక్కుకున్నాం.

ముందుగా ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) సిస్టర్లకు. ఫైలు పైన ఒకే ఒక్క కాగితం పెట్టడం వాళ్ళు నేర్పిందే. ఏ వైపు, ఏ ఆపరేషన్, చంకలో ఎన్ని గ్రంథులు తీశారు, ఈఆర్, పీఆర్, హెర్-2 (గడ్డ ఏ మందులకు లొంగుతుందో చెప్పే పరీక్షలు) ఏమొచ్చాయి, ఏయే కీమో మందులు, రేడియేషన్ ఎన్ని గ్రేలు (దాని మోతాదు కొలత), ఎన్ని విడతలు, ఇప్పుడు వాడే మాత్ర ఏ తేదీన మొదలైంది అన్నీ అందులోనే. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు తీసుకున్నవాళ్ళు మొత్తం మోతాదు కూడా రాయించుకోవాలి. ఆ మందు మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండెకు ముప్పు పెరుగుతుంది. ఏళ్ళ తర్వాత ఆయాసం వచ్చినా గుండె డాక్టరు మొదట అడిగేది ఆ అంకెనే.

చెకప్‌ల లెక్క చెప్పిన డాక్టర్లకు. మొదటి 3 ఏళ్ళు 3 నుంచి 6 నెలలకోసారి, 4, 5 ఏళ్ళలో 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, ఏడాదికొకటి. గడ్డ మాత్రమే తీసి రొమ్ము ఉంచినవాళ్ళకు రేడియేషన్ అయ్యాక కనీసం 6 నెలలు ఆగాకే మొదటిది. తొందరపడితే రేడియేషన్ వాపు, కుట్ల దగ్గరి గట్టిదనం కలిసి ఫిల్ములో అనుమానంగా కనిపించి, అక్కర్లేని బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) దాకా పోతుంది. రొమ్ము మొత్తం తీసినవాళ్ళకు రెండో వైపుకు మాత్రమే మామోగ్రామ్ తీస్తారు.

"పెట్ స్కాన్, ట్యూమర్ మార్కర్లు అన్నీ రాసెయ్యండి డాక్టర్" అని, ఒళ్ళంతా చూసే స్కాన్ కోసం, క్యాన్సర్ జాడ వెతికే రక్తపరీక్షల కోసం పట్టుబట్టినప్పుడు విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పినవాళ్ళకు మరీమరీ. ఏ లక్షణమూ లేనివాళ్ళకు ఎముకల స్కాన్, లివర్ స్కాన్, ఎక్స్‌రే పదేపదే తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని ఇటలీలో జరిగిన రెండు పెద్ద పరిశీలనలు 1994లోనే తేల్చాయి. అందుకే లక్షణాల మీద కన్నేసి ఉంచాలి. ఆపరేషన్ మచ్చ మీదో చుట్టుపక్కలో కొత్త గడ్డ, తగ్గని ఎర్రటి దద్దుర్లు, మెడ పక్కన గ్రంథి, రెండు వారాలు దాటినా తగ్గకుండా రాత్రిళ్ళు ఎక్కువయ్యే ఎముక నొప్పి, వదలని దగ్గు, ఆయాసం, వాంతులతో తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకూడదు.

మామోగ్రామ్ గదిలో టెక్నీషియన్లది చిన్న సాయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆ రోజు చంకలో పౌడరు, డియోడరెంట్ వద్దని ముందే ఫోన్లో చెబుతారు. వాటిలోని లోహపు రేణువులు ఫిల్ములో క్యాల్షియం చుక్కల్లా పడతాయి, ఆ చుక్కలే క్యాన్సర్‌కూ మొదటి గుర్తు కావచ్చు. పాత ఫిల్ములు తెమ్మని గుర్తుచేస్తారు. పక్కన పెట్టి పోల్చితేనే ఏది కొత్తదో తెలుస్తుంది.

ఇక ఫిజియోథెరపిస్టులకు. ఇక్కడ ఎంత రాసినా తక్కువే. చంకలో గ్రంథులు ఎక్కువగా తీస్తే సుమారు అయిదుగురిలో ఒకరికి చేయి వాపు వస్తుంది. ఒకటి రెండు సెంటినెల్ గ్రంథులే (క్యాన్సర్ పాకితే మొదట చేరేవి) తీస్తే ఆ ముప్పు చాలా తక్కువ. ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు కాబట్టి కొలతే కాపలా. మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టి, అక్కణ్ణుంచి పైకి 10 సెంటీమీటర్లకో చుక్క చొప్పున చంక దాకా పెట్టాలి. ప్రతి చుక్క దగ్గర టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. రెండు చేతులూ కొలిచి పక్కపక్కన రాయాలి. నెలకోసారి, అదే వేళకు, అదే మనిషి కొలవాలి. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం కొలిచినా, ఒకరు వదులుగా ఒకరు బిగించి పట్టినా లేని వాపు కనిపిస్తుంది, లేదా ఉన్న వాపు దాక్కుంటుంది. ముందు లేని తేడా 2 సెంటీమీటర్లు వచ్చిందంటే వెంటనే చూపించుకోవాలి. అంకె మారకముందే చేయి బరువెక్కినట్టుండటం, ఉంగరం బిగియడం మొదలైతే అప్పుడే వెళ్ళడం ఇంకా మంచిది.

స్లీవ్, అంటే వాపును అదిమిపెట్టే బిగుతు చేతి తొడుగు గురించి కూడా వాళ్ళే చెప్పారు. పొద్దున లేవగానే, వాపు తక్కువగా ఉన్నప్పుడే తొడగాలి, పడుకునేటప్పుడు తీసెయ్యాలి. రబ్బరు గ్లౌజు వేసుకుని అరచేత్తో పైకి తోస్తే సులువుగా ఎక్కుతుంది. పొడవైందని పైన మడవకూడదు. మడత దగ్గర ఒత్తిడి రెట్టింపై తాడు కట్టినట్టు బిగిసి, కింద వాపు పెరుగుతుంది. స్లీవ్ వేశాక అరచెయ్యి ఉబ్బితే చేతికి కూడా గ్లౌజు కావాలని అర్థం. రెండు ఉంచుకుని మార్చి మార్చి ఉతికి నీడలో ఆరేసుకోవాలి. రోజూ వాడితే సుమారు 6 నెలలకు సాగిపోతుంది, కొత్తది కొలతలతో తీసుకోవాలి.

"ఆ చేత్తో ఇక ఏదీ ఎత్తకు" అనే మాట నుంచి మమ్మల్ని విడిపించింది కూడా వాళ్ళే. కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తితే చేయి వాపు ముదరదని 2009లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చూపింది. పసిబిడ్డ ఉన్న తల్లికి ఆ మాట ఎంతటిదో చెప్పలేం. సర్జన్ సరేనన్నాక అరకిలోతో మొదలుపెట్టి, చేయి బరువెక్కకపోతే మెల్లగా పెంచుకుంటూ పోవడమే. బలం ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా రావాలి, అంతే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. స్టవ్ దగ్గర కాలినా, గోరు పక్కన తెగినా సబ్బుతో కడిగి మందు రాయాలి. ఆ చేయి ఎర్రబడి వేడిగా ఉండి, ఎరుపు పాకుతూ జ్వరం వస్తే అది చర్మానికి పట్టిన ఇన్ఫెక్షన్. అదే రోజు యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ఆ సమయంలో వాపు కోసం చేసే మసాజ్ చెయ్యకూడదు.

మందుల షాపులో ఓపిగ్గా ప్రతి చీటీ చదివే ఫార్మసిస్టులకు. టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర 20 మిల్లీగ్రాములు వేసుకుంటున్నవాళ్ళకు డిప్రెషన్‌కి ఇచ్చే పరాక్సిటిన్, ఫ్లువాక్సిటిన్ రాసి ఉంటే ఆపి డాక్టరుకు ఫోన్ చేశారు. టామోక్సిఫెన్‌ను లివర్‌లో పనిచేసే రూపానికి మార్చే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే చెప్పమని కవరు మీద రాసిచ్చారు. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ అనే ఇంకో రకం హార్మోన్ మాత్రలు వాడేవాళ్ళకు పొద్దున్నే వేళ్ళు పట్టేస్తే మాత్ర సొంతంగా మానెయ్యకండి, అదే జాతిలో ఇంకోటి మార్చి చూస్తారని చెప్పారు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గుర్తుచేసిందీ వాళ్ళే.

చివరగా ఇంట్లోవాళ్ళకు, చుట్టుపక్కలవాళ్ళకు. "ఏం కావాలన్నా అడుగు" అనే మాటలో ప్రేమ ఉంటుంది. కానీ అలసట నిద్రతో తీరేది కాదు, నెలల తరబడి ఉంటుంది. అడగడానికి కూడా ఓపిక ఉండదు. అడక్కుండానే "మంగళ, శుక్రవారాలు పిల్లల్ని స్కూల్ నుంచి నేను తెస్తా", "అత్తయ్యగారి బీపీ మాత్రలు డబ్బాలో నేను సర్దుతా" అని పని పేరు, రోజు పేరు చెప్పి అందుకున్నవాళ్ళకు వేల నమస్కారాలు. సాయంత్రం చెయ్యి పట్టుకుని అరగంట నడిపించినవాళ్ళకు కూడా. వారానికి 150 నిమిషాల నడక ఆ అలసటకు నిజంగా పనిచేసే మందు. చెకప్‌కి వెంటవచ్చి, మేం డాక్టరు ముఖం చూస్తూ కూర్చుంటే ప్రతి మాటా కాగితం మీద రాసిపెట్టినవాళ్ళకు. రిపోర్టు రావడానికి పట్టే రెండు మూడు రోజులూ "ఏమీ ఉండదులే" అనకుండా పక్కన కూర్చున్నవాళ్ళకు.

అక్కచెల్లెళ్ళకు, కూతుళ్ళకు, అలాగే అన్నదమ్ములకు ఇంకో మాట. జన్యు పరీక్ష సలహా వస్తే ముందు జబ్బు వచ్చినవాళ్ళకే చెయ్యాలి, అప్పుడే ఇంట్లో మిగతావాళ్ళ ఫలితానికి అర్థం ఉంటుంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో మార్పు ఉంటే అది పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం, కొడుకులకూ అంతే, వాళ్ళ ద్వారా మనవరాళ్ళకూ చేరవచ్చు. "ఇది ఆడవాళ్ళ సంగతి" అని తప్పుకోకుండా లైన్లో నిలబడి రక్తం ఇచ్చిన మా తమ్ముళ్ళకు, కొడుకులకు పేరుపేరునా కృతజ్ఞతలు.