ఆదివారం పరుగు: సమయం మారింది

అందరికీ నమస్కారం. చలి ముదిరింది కాబట్టి ఈ ఆదివారం నెక్లెస్ రోడ్డుకు అయిదున్నరకు కాకుండా ఆరుంబావుకు చేరుదాం. చీకట్లో గుంత కనబడక చీలమండ బెణికితే వారాల తరబడి ఇంట్లోనే.

బండి దిగగానే పరుగు అందుకోవద్దు. చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి. పది నిమిషాలు చురుగ్గా నడిచి, మోకాళ్లు పైకెత్తుతూ, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపుతూ ఒళ్లు వేడెక్కించండి. కదలకుండా నిలబడి పిక్కలు సాగదీయడం పరుగు అయ్యాకే. కిందటేడు నేను ఈ మాట చెవిన పెట్టలేదు. రెండో కిలోమీటరులోనే పిక్క పట్టేసింది. సంక్రాంతి ముగ్గులన్నీ కుర్చీలో కూర్చునే చూశాను!

జనవరిలో ముంబయి మారథాన్‌కు వెళ్లేవారికి ఒక మాట. చల్లటి గాలికి అలసట తెలియదు, దాంతో దూరం అమాంతం పెంచేస్తాం. ఊపిరి అందినంత మాత్రాన ఎముకలు, స్నాయువులు సిద్ధమైనట్టు కాదు, వాటికి ఇంకా సమయం కావాలి. కాలి ముందు ఎముకలో నొప్పి ఫలానా చోటే అని వేలితో చూపించగలిగితే వెంటనే పరుగు ఆపి డాక్టరును కలవండి. నూనె మర్దనతో సరిపెట్టుకోవద్దు.

మందపాటి స్వెట్టరు వద్దు, పలుచటివి రెండు వేసుకోండి. తడిసిన బనియను మార్చుకోవడానికి ఇంకొకటి తెచ్చుకోండి. దాహం వేయకపోయినా ముందు నీళ్లు, ఇరానీ చాయ్ ఆ తరువాతే.

వచ్చేవారు శనివారం రాత్రిలోగా చెప్పండి.