మీ బిగ్ బెర్తాలు ఆలస్యం అవుతున్నాయి, తప్పు నాదే

ఈ నెలాఖరుకల్లా బిగ్ బెర్తా మోడల్ రాకెట్లు (నిజంగా ఎగిరే చిన్న రాకెట్లు) చేసి పంపిస్తానని మీ పన్నెండు మందికీ మాటిచ్చాను. పంపలేకపోతున్నాను. ఇంకో మూడు వారాలు పడుతుంది.

1960లలో ఎస్టెస్ అనే అమెరికా మోడల్ రాకెట్ల కంపెనీ తెచ్చిన బిగ్ బెర్తా చూడ్డానికి చాలా సింపుల్. 24 అంగుళాల పొడవు, 1.6 అంగుళాల పైచిలుకు లావు ఉన్న కాగితం గొట్టం, గుండ్రటి ముక్కు, బాల్సా అనే తేలికైన చెక్కతో చేసిన నాలుగు పెద్ద రెక్కలు. రెప్లికా చెయ్యడం ఎంతసేపు అనుకున్నాను. గొట్టాలూ రెక్కలూ నిజంగానే తొందరగా అయిపోయాయి. ఇబ్బంది పెట్టింది నలుపు రంగు. నిగనిగలాడే నలుపు ఏ లోపాన్నీ దాచదు. కాగితాన్ని మెలికగా చుట్టి చేసిన గొట్టం కాబట్టి అతుకు గీత చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. బాల్సా నరాలు సరేసరి. వుడ్ ఫిల్లర్ పూసి, ఆరనిచ్చి, సాండ్‌పేపర్‌తో రుద్ది, మళ్లీ పూసి... చెక్క గాజులా తయారయ్యేదాకా ఇదే పని. ఇంట్లో దుమ్ము గురించి అడక్కండి.

ఇంత చేసి చివర్లో తొందరపడ్డాను. నేను వాడే ఎనామెల్ స్ప్రేకి రెండో కోటు గంటలోపు వెయ్యాలి, లేకపోతే రెండు రోజులు ఆగాలి. డబ్బా మీదే రాసుంది. డేట్ దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో మర్నాడు పొద్దున్నే కొట్టేశాను. పది నిమిషాల్లో ఏడు రాకెట్లు ఎండు ఖర్జూరాల్లా ముడతలు పడ్డాయి.

పైన ఇంకో కోటు వేసి కప్పేయొచ్చుగా అని ఒకరు అడిగారు. షోకేసులో పెట్టేదైతే సరే. కానీ మీలో చాలామంది ఎగరేస్తారు. రెక్కల మీద రంగు దళసరి అయితే తోక బరువెక్కి, రాకెట్ బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది. మోటార్ పెట్టాక కూడా ఆ కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రానికి (రాకెట్ మీద గాలి తోపు అంతా కలిసి పనిచేసే చోటుకి) కనీసం గొట్టం లావంత ముందు ఉండాలి. లేకపోతే రాకెట్ నిటారుగా వెళ్లదు, గిరికీలు కొడుతుంది.

అందుకే ఏడింటినీ గీకేస్తున్నాను. మూడింటికి రుద్దుతుంటే కాగితం పీచు లేచింది. వాటికి గొట్టాలే కొత్తవి వేస్తున్నాను. బాగున్న అయిదూ ముందు ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ఈ వారమే బయల్దేరతాయి. మిగతా ఏడుగురికీ మెసేజ్ పెట్టాను. ఆగలేం అంటే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను, కారణం చెప్పక్కర్లేదు.

ఎగరేసేవాళ్లకి ఒక మాట. పెట్టె అందాక కనీసం వారం ఆగి ఎగరేయండి. రంగు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, లాంచ్ రాడ్ (రాకెట్ పైకి లేచేటప్పుడు దారి చూపే కడ్డీ) తగిలితే గీత పడిపోతుంది.