అరకు కాఫీ కథ, మన పెద్దల నోట: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఒక్క పనే నెత్తికెత్తుకుంది. అరకులోయకు కాఫీ ఎలా వచ్చిందో, వచ్చాక మన బతుకులు ఎలా మారాయో పెద్దల నోట విని రాసిపెట్టడం. తోటల తొలి రోజులు చూసినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. అందుకే మిగతా కార్యక్రమాలు తగ్గించుకున్నాం.

కాగితాల మీది చరిత్ర మనకు తెలిసిందే. మన్యంలో తొలి కాఫీ 1898లో బ్రిటిష్ వాళ్ల చేతుల మీదుగా పాములేరు లోయకు వచ్చింది. 1960ల్లో అటవీ శాఖ మన కొండల్లో తోటలు వేసింది. ఆ తర్వాత సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గిరిజన రైతుల సొంత భూముల్లో నాటించింది. 2018లో పారిస్‌లో మన కాఫీకి బంగారు పతకం వచ్చింది, 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది.

పెద్దలు చెప్పిన కథలో పతకాలు లేవు, ఆకలి ఉంది. పోడు కొట్టి సామలు, చోళ్లు పండించుకునే కొండ మీద కాఫీ నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. అన్నాళ్లూ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? మొదట్లో వెనకాడింది అందుకేనని చెప్పారు. తోటలో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాలు కూడా చేతికొచ్చాక ధైర్యం చిక్కిందట.

డిసెంబరులో ఒక పెద్దావిడ తోటకు వెళ్లాం. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోకి ఎర్రటి పండ్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి, పక్కనే ఉన్న పచ్చికాయను ఆమె వేలు తాకను కూడా తాకదు. "లాగకు బాబూ, మెలితిప్పి తియ్యి. కణుపు చీలితే వచ్చే ఏడు అక్కడ పూత రాదు" అంది. ఒకే కొమ్మ దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. కప్పు కాఫీ వెనక ఇంత ఓపిక ఉందని మన పిల్లలకు బడిలో ఎవరూ చెప్పడం లేదు. రాబోయే కోత కాలంలో వాళ్లను తోటలకు తీసుకెళ్లాలని కార్యవర్గం తీర్మానించింది.

చైత్రంలో ఇటుకల పండుగకు మన గిరిజనుల బృంద నృత్యం థింసా పాటలు రికార్డు చేశాం. హోటళ్లలో అతిథుల కోసం ఆడే పది నిమిషాల ఆటే థింసా అనుకుంటున్న రోజులివి. ఊళ్లో ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలిపి ఆడుతుంటే ఆపమనే వాళ్లు ఉండరు. అయితే ఆదివాసీ ఒడియా, కువి పాటల మాటలను తెలుగు లిపిలో రాయించే పని పూర్తికాలేదు. ఆ భాషలు ఇంట్లో మాట్లాడే సభ్యులు ముందుకు రావాలి.

ఖర్చంతా చందాల్లోంచే పెట్టాం. లెక్కలు కోశాధికారి సభలో చదువుతారు.

ఒక విన్నపం. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసినప్పటి ఫొటోలు మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో ఉంటే తీసుకురండి. మీ ఎదుటే కాపీ తీసి, అసలు ఫొటో అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.